మా కయ్యల మీది వంతెన

బడిలో మధ్యాహ్నం అన్నాలయ్యాక స్టాఫ్ రూములో ఫోన్లు బయటికి వస్తాయి. ఒకరోజు మా సైన్సు టీచరు తన ఫోను తెచ్చి నా క్యారియరు పక్కన పెట్టింది.

"సూడండి మేడం, మీ ఊరే గదా ఇది! ఎంత బాగుండాదో!"

డ్రోనుతో తీసిన వీడియో అది. రెండు కొండల మధ్య పొద్దుటి మంచు, ఆ మంచులోంచి లేచిన తెల్లటి స్తంభాలు, వాటి మీద దూసుకుపోయే కార్లు, వెనకాల చెవులు పగిలే సంగీతం. దాన్ని తీసినవాడు ఎవడో గానీ మా ఊరిని ఎంతో జాగ్రత్తగా తప్పించాడు. ఒక్క ఇల్లు లేదు, ఒక్క కొట్టం లేదు, ఒక్క మనిషి లేడు. కొండల్లో ఎవరూ లేని చోట ఒక వంతెన తనంతట తానే మొలిచినట్టుగా ఉంది.

"బాగుంది," అన్నాను. ఆమె మంచి మనిషి. ఆమెతో గొడవ దేనికని ఊరుకున్నాను. కానీ ఆ వీడియో చూసి "అబ్బా" అనేవాళ్ళందరికీ చెప్పాలనిపించినది చాలా ఉంది. అది ఇక్కడ చెబుతాను.

నేను ఐరాల దగ్గర హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా ఊరు అక్కడికి పడమరగా కొండల మధ్య లోయలో ఉంటుంది. పుట్టింది ఆ ఊళ్ళోనే, మేనమామ కొడుకును చేసుకుని కాపురం చేస్తున్నదీ ఆ ఊళ్ళోనే. అందుకే మా మామను నేను చిన్నప్పటి నుంచీ 'నువ్వు' అనే పిలుస్తాను, మామ నన్ను 'పాపా' అనే పిలుస్తాడు. కోడలినయ్యాక కూడా అది మారలేదు. ఊరికి ఇటువైపు చెరకు కయ్యలు, అటువైపు మామిడి తోటలు, మధ్యలో ఏరు. ఆ ఏరు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక, రాళ్ళు. వానలు పడితే మాత్రం కొండల మీద నుంచి ఒక్క పెట్టున దిగుతుంది. దాన్ని దాటడానికి మా తాతల కాలంలో వేసుకున్న రాతి చప్టా ఒకటి ఉండేది. బడికి పోవాలన్నా, పాలు పోయాలన్నా, చిత్తూరు బస్సు పట్టుకోవాలన్నా ఆ చప్టా మీదే.

కొత్త రోడ్డు రెండు మహానగరాల మధ్య వేసింది. ఒక నగరంలో టిఫిన్ తిన్నవాడు ఇంకో నగరంలో మధ్యాహ్నం భోజనానికి కూర్చోవాలి, నడుమ ఎక్కడా కాలు కింద పెట్టకూడదు. ఆ రోడ్డు ఆశయమంతా అదే. అడ్డంగా కొండలుంటే పేల్చారు. లోయ వస్తే దాని మీదుగా వంతెన వేశారు. ఆ లోయలో మనుషులున్నారన్న సంగతి వాళ్ళకు ఎప్పుడైనా తోచిందో లేదో నాకు తెలియదు.

మా మామ మాత్రం ఆ వంతెన మీద మనసు పడ్డాడు. దానికి కారణం ఒక్క మాట. మొదట కొలతలకు వచ్చిన ఇంజినీరు, తెల్ల టోపీ పెట్టుకున్న కుర్రవాడు, మా కయ్య గెనెం గట్టు మీద నిలబడి, "పెద్దాయనా, మొత్తం బ్రిడ్జిలో అన్నిటికన్నా ఎత్తయిన పిల్లరు మీ పొలంలోనే వస్తుంది," అన్నాడు. అంతే. ఆ సాయంత్రం నుంచి మా మామ ఊళ్ళో కనిపించిన ప్రతివాళ్ళతో "మన పిల్లరే పెద్దదంటప్పా," అని చెప్పడం మొదలుపెట్టాడు. కన్న కొడుక్కి కలెక్టరు ఉద్యోగం వచ్చినా అంత సంబరపడేవాడు కాదేమో.

పని జరిగినన్నాళ్ళూ సందకాడ కాగానే నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ చంకన పెట్టుకుని కయ్య దగ్గరికి పోయేవాడు. దుమ్ములో, మోతలో కూర్చుని చూసేవాడు. చీకటి పడ్డాక వచ్చి సంగటి ముందు కూర్చుని, "ఇయ్యాల గడ్డరు ఎత్తినారు పాపా. ఆ క్రేను సూసింటే నీకు కండ్లు తిరిగిపోతాయి," అనేవాడు. నేను ఊరిబిండి పచ్చడి వడ్డిస్తూ విని ఊరుకునేదాన్ని. ఆ ఇంజినీరుకు రోజూ మజ్జిగ పోయేది, మామిళ్ళ కాలంలో పండ్లు పోయేవి. అతను తిని, మా మామ భుజం మీది తువ్వాలకే చేతులు తుడుచుకుని వెళ్ళిపోయేవాడు. ఇది నేను కళ్ళారా చూశాను. మామ ఆ తువ్వాలను చూసుకుని నవ్వాడు.

ఒక ఎండాకాలం వాళ్ళ నీళ్ళ ట్యాంకర్లు రాలేదు. కాంక్రీటు తడపడానికి మా బోరు నీళ్ళు అడిగారు. మామ ఇచ్చాడు. మా చెరకు ఎండింది. స్తంభం మాత్రం బాగా తడిసింది.

"చెరకు మళ్ళ ఏసుకుంటాంలే పాపా. కాంక్రీటు అట్ల కాదు, నీళ్ళు పట్టకపోతే పగిలిపోతాది," అన్నాడు మామ. మా బావ, అంటే నా మొగుడు, కొట్టంలోకి పోయి ఆవులకు గడ్డి వేశాడు. తండ్రికి ఎదురు చెప్పే అలవాటు మా బావకు లేదు. నాకుంది గానీ, ఆ మనిషి ముఖంలో ఆ వెలుగు చూసి ప్రతిసారీ మాట మింగేదాన్ని. మింగిన కొద్దీ ఆ ఇంజినీరు మీద, ఆ టోపీ మీద, ఆ మర్యాద మాటల మీద నాకు అసహ్యం పెరిగేది.

ఆ ఎండాకాలమే వాళ్ళ మిక్సర్ లారీల బరువుకు చప్టా నడుమ పగిలి ఏట్లోకి కుంగింది. ఊరి వాళ్ళంతా పోయి అడిగితే ఇంజినీరు చేతులు జోడించి మరీ చెప్పాడు. "పని అయిపోగానే మీకు చిన్న బ్రిడ్జే కట్టిస్తాం. అంతేకాదు, ఇక్కడే దిగుడు రోడ్డు వస్తుంది. మీ ఊరు టౌనయిపోతుంది." దిగుడు రోడ్డు చివరికి మా ఊరికి రాలేదు. కొండల అవతల, మేమెవ్వరం ఎప్పుడూ పోని దిక్కున వచ్చింది. అంటే మా కయ్యలో కాళ్ళు పెట్టి నిలబడిన ఆ వంతెన ఎక్కాలంటే మేము కొండలన్నీ చుట్టి పోవాలి.

ప్రారంభోత్సవానికి పెద్దలు వచ్చారు. ప్రార్థన గీతం పాడటానికి మా బడి ఆడపిల్లలను తీసుకురమ్మని చెప్పారు, వాళ్ళ వెంట నేను. నా మెడలో పాసు వేలాడుతోంది. మా మామ జరీ అంచు పంచె కట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఊళ్ళో వాళ్ళతో కలిసి కొండ దారిలో ఎక్కి వచ్చాడు. కట్టెల అడ్డం దగ్గర పోలీసులు ఆపేశారు.

"పాసుందా పెద్దాయనా?"

"పాసెందుకప్పా? అదో, ఆ పెద్ద పిల్లరు మాదే," అన్నాడు మామ.

పోలీసు నవ్వి పక్కకు జరగమన్నాడు. అప్పుడే ఆ ఇంజినీరు తెల్ల కారులో వచ్చాడు. కారు అద్దం దించే ఉంది. మామ చెయ్యి ఎత్తాడు. అతను చూశాడు. చూసి, ఫోను తీసి దాని మీదికి తల వంచుకున్నాడు. నేను అడ్డానికి ఇవతల, పిల్లల పక్కన నిలబడి అంతా చూశాను. లోపల ఒక నాయకుడు మైకు పట్టుకుని "ఈ లోయ ప్రజల కల నేటికి ఫలించింది," అంటున్నాడు. మా కలల్లోకి ఎప్పుడూ ఏనుగులో, పాములో, ఎండిన బోర్లో వచ్చేవి గానీ ఆరు వరసల రోడ్డు వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చాక మామ పంచె మడత పెడుతూ, "పాపం, పనిలో ఉన్నింటాడు. మనల్ని సూసిండడు," అన్నాడు. నేను తల ఊపాను.

ఇక ఆ తర్వాత పైనుంచి పడటం మొదలైంది. నీళ్ళ బాటిళ్ళు, చిప్స్ కవర్లు, ప్లాస్టిక్ ప్లేట్లు, సగం తిన్న పులిహోర పొట్లాలు, పసిపిల్లలకు కట్టి విప్పిన డైపర్లు. కారు దిగి ఫోటోలు తీసుకోకూడదని బోర్డు ఉంటుందట, అందరూ దిగుతారు. లోయను చూసి చేతులు చాచుకుని ఫోటోలు తీసుకుంటారు. అందమైన చోటు కాబట్టి అక్కడే తింటారు. తిన్నాక ఆ అందంలోకే విసిరేస్తారు. గుండు గీయించుకుని స్వామి దర్శనం చేసుకుని వస్తున్నవాళ్ళు కూడా అంతే. కొండ మీద పాపాలు వదిలేసి వచ్చి మా చెరకులో చెత్త వదిలేస్తారు. చదువుకున్న వాళ్ళు, ఇంట్లో చెప్పులు గుమ్మం బయట విడిచేవాళ్ళు, స్నానం చేయకుండా వంటగదిలోకి పోనివాళ్ళు. వాళ్ళ శుభ్రత మీద నాకున్న గౌరవం ఆ చెరకు తోటలో డైపర్లు ఏరేటప్పుడు పూర్తిగా పోయింది.

మామ ఇంకా వాళ్ళ వైపే మాట్లాడేవాడు. "కింద మనుసులున్నారని వాళ్ళకేం తెలస్తాది? ఎరక్క ఏసింటారు."

"నువ్వు ఆడ కూర్చోవద్దు మామా. ఏదన్నా నెత్తిన పడతాది."

"పడనీలే పాపా, కాయితం గదా."

ఆయన తన సాయంత్రం అలవాటు మానలేదు. వంతెన పూర్తయ్యాక కూడా కుర్చీ తీసుకుపోయి, ఆ స్తంభం పక్కన కూర్చుని, పైన పోయే బండ్ల చప్పుడు వినేవాడు.

ఏరు దాటేటప్పుడు కొందరికి ఒక భక్తి ఉంటుంది. గంగమ్మకు చిల్లర వేస్తారు, పూలు వేస్తారు. పూర్వం ఒడ్డున నిలబడి వేసేవాళ్ళు. ఒక వానాకాలం సాయంత్రం ఎవరో పుణ్యాత్ములు ఆ వంతెన మీద కారు ఆపి, పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించి దిష్టి తీసిన టెంకాయను ఏట్లోకి విసిరారు. అది ఏట్లో పడలేదు. మా మామ భుజం మీద పడింది.

నేను అప్పుడే బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాను. కయ్యలో గడ్డి కోస్తున్న ఆడవాళ్ళ కేక విని పరిగెత్తాను. మామ కుర్చీలోనే ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. ముఖం తెల్లబడిపోయింది. కాళ్ళ దగ్గర టెంకాయ పగిలి పడి ఉంది, దాని మీద నల్లటి కర్పూరం మసి, కుంకుమ. ఒక్క జానెడు ఇటు పడి ఉంటే ఆయనకు తల మిగిలేది కాదు. నేను తలెత్తి చూశాను. పైన ఎవరూ లేరు. దిష్టి పోయింది కదా, ఆ కారు ఎప్పుడో వెళ్ళిపోయింది.

"ఏమైంది పాపా? యాడి నుంచి పడింది?" అన్నాడు మామ. ఆయనకు నిజంగా అర్థం కాలేదు.

అంబులెన్సుకు ఫోను చేశాము. అది వచ్చింది, ఏటికి అవతలి ఒడ్డు దాకా. ఏరు పారుతోంది, చప్టా లేదు. డ్రైవరు అటునుంచి చేతులు ఊపుతూ, "బండి దింపితే కొట్టుకపోతాదక్కా! మీరే ఎట్లన్నా తీసుకురండి!" అని అరిచాడు. అతనిది తప్పు కాదు. మా బావ, ఇంకో ముగ్గురు మగవాళ్ళు మామను ఆ నీలం కుర్చీలోనే కూర్చోబెట్టి భుజాల మీదికి ఎత్తుకున్నారు. నడుము లోతు ఎర్రటి నీళ్ళలో, కాళ్ళ కింద జారే రాళ్ళ మీద, ఒక్కొక్క అడుగే వేస్తూ దాటించారు. నేను వెనకాల ఆయన వీపు పట్టుకుని నడిచాను. సరిగ్గా మా తలల మీద, ఆకాశంలో, దీపాల వరస. బస్సులు, లారీలు, కార్లు. వాటిలో ఎవరో పాటలు వింటూ, ఎవరో నిద్రపోతూ, ఒక్క చుక్క నీరు తగలకుండా అదే ఏరు దాటుతున్నారు. మామ మూలుగుతూనే, "నా బరువు జాస్తి, మెల్లిగా పోండప్పా," అంటున్నాడు. ఆ కాంక్రీటు మీద నేను ఆ రోజు ఉమ్మేదాన్నే, ఉమ్మితే అందేంత దగ్గరలో ఉంటే.

భుజం ఎముక విరిగింది. తిరుపతి ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. బాగా చూసుకున్నారు. మామ మంచం మీద పడుకుని పక్క మంచాల వాళ్ళకు జరిగింది చెప్పేవాడు. ఎలా తగిలిందని అడిగితే "టెంకాయ పడింది" అనేవాడు. "చెట్టు మీద నుంచా?" అని వాళ్ళు అడిగేవాళ్ళు. మామ "ఆ" అనేవాడు. వంతెన పేరు ఎత్తేవాడు కాదు.

ఆసుపత్రి నుంచి పంపించేసిన రోజు నేను కారు మాట్లాడాను. డ్రైవరు తిరుపతి వాడు, మాటకారి. చంద్రగిరి దాటాక, "పాత రోడ్లో కుదుపులు జాస్తి, తాతకు ఇబ్బంది. సుట్టయినా కొత్త రోడ్డెక్కి పోదామక్కా," అన్నాడు. వద్దందామనుకున్నాను. మామ భుజం చూసి సరే అన్నాను. అలా మా మామ ఆ వంతెన మీదికి మొట్టమొదటిసారి ఎక్కాడు, చెయ్యి మెడకు కట్టుకుని, వెనక సీట్లో.

నిజం చెప్పాలి, రోడ్డు నున్నగా ఉంది. చెయ్యి కదలలేదు. వంతెన రాగానే డ్రైవరు కారు నెమ్మది చేసి, అద్దం దించి, చొక్కా జేబులో తడుముకున్నాడు.

"ఏం ఎతుకుతా ఉండావు?" అన్నాను.

"రూపాయి బిళ్ళక్కా. ఈ ఏట్లో ఏస్తే శానా మంచిదంట. అందురూ ఏస్తారు."

నేను నోరు తెరిచేలోగా మామ అన్నాడు. "ఆపప్పా బండి."

"ఈడ ఆపకూడదు తాతా, కెమెరాలుంటాయి."

"ఆపు."

ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. డ్రైవరు ఆపేశాడు. మామ తలుపు తీసుకుని దిగి, గోడ దగ్గరికి పోయి, మంచి చేత్తో దాన్ని పట్టుకుని కిందికి వంగాడు. నేను వెనకాలే పోయి ఆయన నడుం పట్టుకున్నాను. గాలి విసురుగా కొడుతోంది. కింద మా ఇల్లు. మిద్దె మీద నేను ఎండేసిన మిరపకాయలు ఎర్రగా ఒక గుడ్డ పేలిక లాగా కనిపిస్తున్నాయి. కొట్టం రేకులు, ఆవులు, కయ్యలో ఎవరో ఒక మనిషి. మా బావే అయి ఉంటాడు.

"ఒరే నాయనా!" అని మామ కేకేశాడు. ఏటి అవతలి తోటలో ఉన్నవాళ్ళను పిలిచే గొంతు అది. "ఒరేయ్! ఈడ! ఈడ సూడ్రా!"

కింది మనిషి తల ఎత్తలేదు. మామ మళ్ళీ పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. మా పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే ఆ గొంతు మా కారు దాకా కూడా పోయి ఉండదు. చివరికి ఆపి, పెదాలు తుడుచుకుని, "ఇనపళ్ళే వానికి," అన్నాడు.

ఈలోగా ఎర్ర దీపం తిప్పుకుంటూ రోడ్డు గస్తీ బండి వచ్చింది. అందులోంచి ఒకతను దిగి, "ఏం పెద్దాయనా, సచ్చిపోవాలని ఉండాదా? ఈడ దిగకూడదని తెలీదా? నడిసేవాళ్ళకు కాదు ఈ రోడ్డు," అని కసిరాడు.

"ఇది మా పొలంలో నిలబెట్టినారప్పా," అన్నాడు మామ.

"పొలం కింద. ఇది పైన. ఎక్కండి బండి."

ఈ దేశంలో నేను విన్న చట్టాలన్నిటిలోకీ అర్థమయ్యేలా చెప్పిన చట్టం అదొక్కటే.

కారు ఎక్కాము. మా ఇంటి మీదుగా దాటి, దూరంగా ఎక్కడో దిగి, మళ్ళీ కొండలు చుట్టుకుని మా ఇంటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఏటి దగ్గర కారు ఆగిపోయింది. అప్పటికి నీళ్ళు తగ్గాయి. ఇసుకలో నడిచి పోయాము.

కట్టు విప్పాక మామ నన్ను టోల్‌గేటు ఆఫీసుకు తీసుకుపొమ్మన్నాడు. పక్కనే అద్దాల గది, చల్లటి గాలి, కుండీల్లో ప్లాస్టిక్ మొక్కలు. మేనేజరు కోస్తా వైపు మనిషి. మాటల్లో తేనె కారుతోంది. "మీ బాధ మాకు పూర్తిగా అర్థమైందండి," అన్నాడు మేము నోరు తెరవక ముందే. జరిగింది చెప్పాను.

"ఏ వాహనం అండి? నంబరు చూశారా?"

"కింద నుంచి నంబరు యాడ కనిపిస్తాది సార్?" అన్నాడు మామ.

"అదే కదండీ సమస్య. ఆ కొబ్బరికాయ మా వంతెన మీద నుంచే పడిందని మేమెలా అనుకోవాలి? ఇంకో విషయం, పెద్దవారు, తప్పుగా అనుకోకండి. వంతెన కింద స్థలం ఇప్పుడు మా సంస్థది. అక్కడ కుర్చీ వేసుకు కూర్చోవడం కూడా, మాటవరసకు చెబుతున్నాను, అతిక్రమణే అవుతుంది."

నాకు కళ్ళు మండాయి. మామ మాత్రం నెమ్మదిగా అడిగాడు. "ఆ గోడకు పైన ఒక వల కట్టించండి సార్. మా సప్టా బాగు సేయించండి. అంతే మేం అడిగేది."

"తప్పకుండా. నోట్ చేసుకున్నాం," అన్నాడు మేనేజరు. అతని చేతిలో పెన్ను లేదు, ముందు కాగితం లేదు. ఆ మనిషి మమ్మల్ని తిట్టి ఉంటే నాకు కొంచెం గౌరవం ఉండేది. లేచి నిలబడి, తలుపు దాకా వచ్చి, నమస్కారం పెట్టి మరీ పంపించాడు.

దారిలో మామ అన్నాడు, "నువ్వు మొదట్నించీ సెప్తానే ఉంటివి గదా పాపా."

"నేనేం సెప్పలేదు మామా. గమ్మున ఉంటిని."

"ఆ గమ్మున ఉండేదే సెప్పేది," అన్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి మామ చెత్త ఏరడం మొదలుపెట్టాడు. మొదట ఆయన ఒక్కడే, బాగున్న చేత్తో, యూరియా గోతం పట్టుకుని. తర్వాత మా బావ. తర్వాత పాల సెంటరు దగ్గరి ఆడవాళ్ళు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఏటి రాళ్ళ మధ్య ఇరుక్కున్నవి, మామిడి కొమ్మలకు వేలాడుతున్నవి, చెరకు మొదళ్ళలో కుళ్ళుతున్నవి, అన్నీ గోతాల్లోకి ఎక్కాయి. ట్రాక్టరు ట్రాలీ నిండి, పైన కుప్పగా పోగయింది. ఆ వాసన చెప్పను.

ఒక ఆదివారం పొద్దున మా బావ ట్రాక్టరు తోలాడు. మామ, నేను, ఆడవాళ్ళు ఆటోల్లో వెనక. కొండలు చుట్టి టోల్‌గేటుకు పోయాము. తిరుపతికి పోయే కార్లు, వచ్చే కార్లు బారులు తీరి ఉన్నాయి. గేటు దగ్గరి మనిషి పరిగెత్తుకొచ్చాడు.

"ట్రాక్టర్లకు ఈ రోడ్లో పర్మిషన్ లేదు! రివర్సు తీయండి!"

"బరువుండాదప్పా, రివర్సు రాదు," అన్నాడు మా బావ. నిజంగానే రాదు. వెనక అప్పటికే కార్లు చేరాయి, హారన్లు మోగుతున్నాయి.

"అయితే బరువు దించి పొండి!" అన్నాడు ఆ మనిషి, ఆలోచించకుండా.

మా బావ వెనక్కి తిరిగి మామ వైపు చూశాడు. మామ తల ఊపాడు. మా బావ మీట లాగాడు. ట్రాలీ లేచింది. లోయలో మేము ఏరుకున్నదంతా గేటు ముందు, ఆ నున్నటి కాంక్రీటు మీద, జారి కుప్పగా పడింది. కార్లలోంచి జనం ముక్కులు మూసుకుని దిగారు. దిగి ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. వాళ్ళలో ఎంతమంది చేతుల మీదుగా మా ఏట్లోకి ఏమేం పడ్డాయో నాకు తెలియదు. ఒకావిడ, "ఛీ, ఏం మనుషులో!" అంది. ఆ మాట నేను అనాల్సింది.

అద్దాల గదిలోంచి మేనేజరు వచ్చాడు. ఈసారి నమస్కారం పెట్టలేదు. "ఏంటండీ ఇదంతా?"

"మీదే సార్," అన్నాడు మామ, ఎంతో మర్యాదగా. "పైనుంచి పడినాయి. ఎవురెవురివో మాకు తెలీదు. మీరు నంబర్లు సూసుకోని ఎవురివి వాళ్ళకు ఇచ్చేయండి."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేను కూడా నవ్వాను. చాలా కాలం తర్వాత కడుపునిండా నవ్వాను.

ఆ వీడియోలు ఫోన్లలో తిరిగాయి. మమ్మల్ని తిట్టినవాళ్ళున్నారు, మెచ్చుకున్నవాళ్ళున్నారు. రెండు రకాలవాళ్ళూ మరుసటి వారానికి మర్చిపోయారు. అయితే కొంత జరిగింది. వంతెన గోడకు వల కట్టారు, ఒక పక్కకే. రెండో పక్కకు 'త్వరలో' అన్నారు. చెత్త వేయవద్దని పెద్ద బోర్డు పెట్టారు, హిందీలో, ఇంగ్లీషులో. తెలుగు వాళ్ళు వేస్తే ఫరవాలేదని కాబోలు. ఏట్లో సిమెంటు గొట్టాలు పరిచి, పైన కంకర పోసి, దాన్ని చప్టా అని పిలిచి, ఫోటో తీసుకుని వెళ్ళారు. మొదటి వానకే ఒక గొట్టం కొట్టుకుపోయింది. మిగిలిన వాటి మధ్య మేమే రాళ్ళు కూర్చుకున్నాము. ఇప్పుడు స్కూటరు పోతుంది. అంబులెన్సు పోతుందో లేదో, పిలవాల్సిన అవసరం ఇంకా రాలేదు.

మామ చెయ్యి ఇప్పుడు భుజం దాకే లేస్తుంది, తల దాకా లేవదు. తల నేనే దువ్వుతాను. సాయంత్రాలు పాల సెంటరు అరుగు మీద కూర్చుంటాడు. వంతెన గురించి మంచీ చెప్పడు, చెడ్డా చెప్పడు. పైన ఎప్పుడైనా పెద్ద హారను మోగితే మాట మధ్యలో ఆగి, అది పోయాక మళ్ళీ మొదలుపెడతాడు.

మొన్న చిత్తూరులో చుట్టాల పెండ్లికి ఏరు దాటి కారులో బయలుదేరాము. కొత్త రోడ్డు ఎక్కితే ముహూర్తానికి ముందే చేరతామని మా బావ అన్నాడు.

"పాత ఘాటు రోడ్లోనే పోరా," అన్నాడు మామ.

"ఆలీసం అవతాది నాయనా."

"కానీ. తాళి కట్టేది మనం కాదు గదా."

పాత రోడ్డులో ఇప్పుడు ఎవరూ పోవడం లేదు. గుంతలు పూడ్చేవాడు లేడు. ఒక మలుపులో, కొండ అంచున, ఒక టీ అంగడి కనిపించింది. మామ ఆపమన్నాడు. అంగడాయన మమ్మల్ని చూసి నమ్మలేనట్టు లేచి, స్టవ్వు వెలిగించాడు. బెంచీ మీది దుమ్ము గుడ్డతో తుడిచాడు. టీ ఏం బాగాలేదు. పాలు ఎప్పుడు కాచినవో తెలియదు, చక్కెర గ్లాసు అడుగున అలాగే ఉంది. నేను సగం తాగి పక్కన పెట్టేశాను. మా బావ గడియారం చూసుకుంటున్నాడు.

మామ మొత్తం తాగాడు. ఖాళీ గ్లాసు ముందుకు చాపి, "ఇంకొకటి ఇయ్యప్పా," అన్నాడు.